వట్టి చేతులతో అడవికి పోయిన అవ్వ

సత్యవేడుకు ఆరేడు మైళ్ళ దూరంలో ఉన్న ఒక పల్లెలో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. అవి ఎనభైల మొదటి రోజులు. బడికి ఒక గది, ఒక వరండా. తరగతులు ఐదు, మేమిద్దరం. చిన్న తరగతులు మూడూ వరండాలో నావి, పెద్ద తరగతులు రెండూ గదిలో హెడ్మాస్టరువి. చిత్తూరులో పుట్టి పెరిగి, ట్రైనింగు కూడా అక్కడే అయినదాన్ని కాబట్టి పిల్లలకు చదువు చెప్పడం గురించి తెలియనిది ఏమీ లేదనుకునేదాన్ని. ఆ భ్రమ తీర్చడానికి ఆ పిల్లలకు వారం కూడా పట్టలేదు.

ఆ ఏడు బళ్ళు తెరిచిన కొన్నాళ్ళకు చిత్తూరు ఆఫీసు నుంచి మా బడికి ఒక బొమ్మల పుస్తకం వచ్చింది. ఒక్కటంటే ఒక్కటే. అందులో ఒక అవ్వ మనవణ్ణీ మనవరాలినీ వెంటబెట్టుకుని అడవి, గుంట, గుట్ట అన్నీ తిప్పి చూపిస్తుంది. పేజీకొక రంగుల బొమ్మ, కింద రెండేసి వాక్యాలు. అంత మంచి కాగితం ఆ పల్లెలో పెళ్ళిపత్రికకు కూడా ఎవరూ చూసి ఉండరు. హెడ్మాస్టరు దానికి ఆ రోజే గోధుమరంగు అట్ట వేసేసి, ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశాడు. పిల్లలకు చూపించాలి గదా సార్ అంటే, "సూపించమ్మా, వద్దన్నానా. వాళ్ళు మాత్రం చేతులు కట్టుకోని సూడాల. రేపు ఇన్స్పెక్టరొచ్చి మరకేందని అడిగితే నువ్వు చెప్తావా, నేను చెప్పాల్నా" అన్నాడు.

సరే, పిల్లల్ని చేతులు కట్టించి వరసగా కూర్చోబెట్టి, పుస్తకాన్ని గుండెలకు ఆనించి పట్టుకుని మొదటి బొమ్మ చూపించాను. అందులో అవ్వకు నీటుగా ముడి వేసుకున్న తెల్లజుట్టు, ఇస్త్రీ చీర, కాళ్ళకు చెప్పులు, ఎప్పుడూ నవ్వే మొహం. ట్రైనింగులో చెప్పినట్టు, బొమ్మ చూపించి కాసేపు మౌనంగా ఉండాలి, పిల్లలు దాన్ని కళ్ళనిండా చూడాలి, ఆ తర్వాత మనం చదవాలి. నేను మౌనంగా ఉన్నాను. వాళ్ళు ఉండలేదు.

"టీచర్, ఆయమ్మ చేతిలో ఏమీ లేదే" అన్నాడొకడు.

"ఉండాల్నా?"

"కొడవలి లేదు, గంప లేదు, కట్టెలు కట్టుకునే తాడు గూడా లేదు. వట్టి చేతుల్తో అడివికి యాల పొయ్యింది?"

"పిల్లలకు చెట్లూ పిట్టలూ చూపిద్దామని పోయింది."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెట్లు చూడ్డానికి ఎవరన్నా అడివికి పోతారా అని వాళ్ళ సందేహం. పొయ్యి కింద పెట్టడానికి పుల్లయినా లేకుండా ఇంటికొస్తే ఆ అవ్వను కోడలు ఏమంటుందని ఇంకొక పిల్ల అడిగింది. పక్కనే జింక నిలబడితే పారిపోకుండా ఉంటుందా, అది కుంటిదా అని మరొకడు. చూడండి, నా ఓపిక ఎంతో. అందరికీ జవాబు చెప్పాను. జింక కుంటిది కాదని రెండుసార్లు చెప్పాను.

వీళ్ళందరూ ఒక ఎత్తు, మూడో తరగతిలో ఉన్న ఒక పిల్ల ఒక ఎత్తు. ఎనిమిదేళ్ళుంటాయేమో. అమ్మా నాయనా మద్రాసులో మేస్త్రీ పనికి పోతే, ఈ పిల్ల ఇక్కడ అవ్వ దగ్గర ఉండేది. చదువులో చురుకు. ఆ వరండాలో గడగడా చదివేది అదొక్కతే. కానీ నోరు మూతపడదు. కంటికి కనపడిందల్లా పైకి చెప్పాలి. నేను పేజీ తిప్పడం ఆలస్యం, మొదలుపెట్టేది. "గుంట ఉండాది. గుంటలో నీళ్ళు సగానికే ఉండాయి. ఎడం పక్క మూడు కొంగలు. ఒకటి ఒంటికాలి మింద నిలబడుకోని ఉండాది. అవ్వ ఈ గట్టున ఉండాది, అడుగు ముందర రాయి ఉండాది." నేను చదవాల్సిన వాక్యం నా నోట్లోనే ఉండిపోయేది. బొమ్మ ఒక్కటే కాదు. వరండా ముందు ఎద్దులబండి పోయినా అంతే, హెడ్మాస్టరు తుమ్మినా అంతే. మూడో రోజో నాలుగో రోజో నాకు ఒళ్ళు మండింది.

"నోరు మూస్తావా లేదా? అందరికీ కళ్ళున్నాయి. నువ్వు చెప్పక్కర్లేదు" అని కసిరాను.

ఆ పిల్ల తలొంచుకుంది. మళ్ళీ పేజీ తిప్పినప్పుడు పెదవులు కదుల్తూనే ఉన్నాయి, మాట మాత్రం రాలేదు. హమ్మయ్య అనుకున్నాను.

ఆ తర్వాత రెండు వారాలకు ఆ పిల్ల బడి మానేసింది. నేను కసిరినందుకేమోనని లోపల గుబులుగా ఉండి మిగతా పిల్లల్ని అడిగాను. "అదేం కాదు టీచర్. వాళ్ళవ్వ మేకలు చెనక్కాయల చేలో పడినాయి. చేనుగల్లాయన తిట్టినాడు. ఇంక దాన్ని మేకలకాడికి తోలుకోని పోతా ఉండాది" అన్నారు. గుబులు తీరింది, దాని చోట్లో కోపం వచ్చింది. ముసలావిడ ఏమరుపాటుగా ఉండి మేకల్ని చేలోకి వదిలితే దానికి పిల్ల చదువు పోవాలా?

హెడ్మాస్టరు హాజరుపట్టీ చూసి, దసరా దాటి రాకపోతే పేరు కొట్టేస్తానన్నాడు. ఆయన మాట మీద నిలబడే మనిషి, ముఖ్యంగా ఇలాంటి మాటల మీద.

సాయంత్రం బస్సుకు పోతూ దారిలో వాళ్ళను పట్టుకున్నాను. ముందు మనవరాలు, దాని భుజం మీద చెయ్యి వేసి అవ్వ, వెనకా ముందూ పాతిక దాకా మేకలు. అవ్వ బక్కపల్చటి మనిషి, రవిక లేని పాతకాలం కట్టు, చేతిలో పొడుగాటి కట్టె. పిల్ల ఎప్పటిలాగే వసపిట్టలా వాగుతోంది. "నల్లది గట్టెక్కింది, చెవుల్ది వెనకబడింది, టీచరమ్మొస్తా ఉండాది, నీలం చీర."

"ఎందుకవ్వా పిల్లని బడికి పంపడం లేదు?" అన్నాను. మంచీ మర్యాదా అన్నీ పక్కన పెట్టి నేరుగా అడిగాను.

"పంపినా గదమ్మా ఇన్నాళ్ళూ. ఏం చెప్తా ఉండారక్కడ? ఒగ అవ్వ పిల్లల్ని యంటేసుకోని అడివిలో తిరగతా ఉంటాదంట. చెట్టు పేరు చెప్తాదంట, పిట్ట పేరు చెప్తాదంట. దినామూ ఇది నాకు చెప్పింది. నేను చేస్తా ఉండేదీ అదేగదా. దానికి బడి యాల?"

నిజం చెప్పొద్దూ, ట్రైనింగులో ఇలాంటి ప్రశ్నకు జవాబు ఎవరూ నేర్పలేదు. చిత్తూరు ఆఫీసులో ఎవరో పెద్దమనిషి ఏరి కోరి పంపిన పుస్తకం, ఉన్న ఒక్క చదివే పిల్లనూ బడి మాన్పించింది. బస్సు హారన్ వినిపిస్తుంటే, "రేపు మధ్యాహ్నం బడికి రా, ఆ పుస్తకంలో ఏముందో నువ్వే చూద్దువు" అని పరుగెత్తాను.

ఆమె వచ్చింది. మేకల్తో సహా వచ్చింది. మనవరాలిని వాటికి కాపలా పెట్టి తను వరండా మెట్టు మీద కూర్చుంది. పిల్ల అరుస్తూనే ఉంది కానీ, నేను చేరిన రోజు నుంచీ నీళ్ళు పోసి పెంచిన మందారం చెట్టు రెండు నిమిషాల్లో మోడైంది. పళ్ళు నూరుకుంటూ పుస్తకం తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను. చీర కొంగుతో చేతులు తుడుచుకుని, పుస్తకాన్ని కళ్ళకద్దుకుని, హెడ్మాస్టరు వేసిన అట్ట తెరిచింది. వంగి, శ్రద్ధగా చూసింది.

"బాగుండాదమ్మా గుంట" అంది. "కొంగలు ఎంత తెల్లగా ఉండాయో సూడు. ఆ చెట్టు మింద ఎర్ర గువ్వ గూడా భలే ఉండాది."

ఆమె తెరిచింది లోపలి మొదటి కాగితం. అది తెల్లకాగితం. దాని మీద ఆఫీసు వాళ్ళు గుద్దిన ఊదారంగు ముద్ర తప్ప ఇంకేమీ లేదు.

ఎర్ర గువ్వ ఆ పుస్తకం మొత్తంలో ఎక్కడా లేదు.

నేను పేజీ తిప్పలేదు. ఆమె మొహం కేసి చూశాను. రెండు కళ్ళల్లోనూ నల్లగుడ్డు మీద పాలమీగడ లాంటి తెలుపు. ఇన్నాళ్ళూ దారిలో ఎదురవుతూనే ఉన్నా ఆమె కళ్ళల్లోకి నేను చూడలేదు. పిల్ల వాగుడు ఎందుకో, బొమ్మ కనపడగానే ఎడమ ఏది, కుడి ఏది, అడుగు ముందర రాయి ఎక్కడుంది అని ఎందుకు చెప్పేదో, ఆ మెట్టు మీద నాకు తెలిసింది. అందరికీ కళ్ళున్నాయని దాని మొహం మీద నేనన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎన్నాళ్ళాయె అవ్వా, కండ్లు కనపడక?" అని అడిగాను.

"యా పనిలేనోళ్ళు చెప్పినారు నీకు?" అని కస్సుమంది. ఆ తర్వాత చుట్టూ చెవులు రిక్కించి విని, ఎవరూ లేరని తెలుసుకుని గొంతు తగ్గించింది. "అరవమాకమ్మా. ఈ మేకల్లో నావి మూడే. కడమయి ఊరోళ్ళవి. పుట్టే పిల్లల్లో సగం నాకిస్తారు. గుడ్డిదాన్నని తెలిస్తే ఎవరు తోల్తారు నా యెంబడి? ఒగ కన్ను నిరుడే పొయ్యింది. రెండోదాంట్లో వెలుగొకటే తెలస్తా ఉండాది."

కోపం మాత్రం నాకు పూర్తిగా పోలేదు. ఇంతమాట ఎవరికీ చెప్పకుండా, ఎనిమిదేళ్ళ పిల్ల కళ్ళతో, అది బడిలో ఉంటే వట్టి చెవులతో ఏడాదిగా మంద కాస్తోంది, పైగా నన్ను మాటల్లో పడేసి నోరు మూయించింది. ఆ మొండితనానికి నాకు మండింది. ఆ మంటలోనే, తిరుపతిలో దసరా సెలవుల్లో ఉచితంగా కంటి ఆపరేషన్లు చేస్తున్నారని సత్యవేడు బస్టాండు గోడ మీద కాగితం చూసిన సంగతి చెప్పి, నేనే తీసుకుపోతానన్నాను. చిత్తూరులో మా అమ్మ నా కోసం ఎదురు చూస్తూ ఉంటుంది. ఆ పది రోజుల సెలవుల కోసం నేను జూన్ నుంచి రోజులు లెక్కబెట్టుకుంటున్నాను. అయినా అనేశాను.

అవ్వ వారం రోజులు బతిమాలించుకుని ఒప్పుకుంది. మంద సంగతి మా మూడో తరగతి చూసుకుంటామంది. ఆ పిల్లను పెద్దగా పెట్టుకుని, సెలవులన్నాళ్ళూ వంతులేసుకుని కాశారు. ఒక్క మేక కూడా చేలో పడలేదట. నా దగ్గర ఎక్కాలు చెప్పడానికి వంతులు కుదరవు గానీ దీనికి కుదిరాయి.

అసలు తంటా తిరుపతిలో బస్సు దిగాక మొదలైంది. ఆపరేషన్ అని చెబితే గుట్టు బయటపడుతుందని ఆమె ఊళ్ళో అందరికీ కొండకు పోతున్నానని చెప్పి వచ్చింది. మంచిదే, తెలివైన పనే అనుకున్నాను. బస్టాండులో నేను కంటి ఆపరేషన్లు జరిగే సత్రం వైపు తిరిగితే, ఆమె కదల్లేదు.

"ముందు కొండకి పోవాల" అంది.

"అది ఊళ్ళోవాళ్ళకి చెప్పిన మాట గదా అవ్వా."

"ఎవరికి చెప్తే ఏముండాది. స్వామి పేరు చెప్పి వచ్చినా గదా. ఆయన పేరు మింద అబద్ధమాడి ఆయన ఊర్లో కన్ను తెరిపించుకుంటే అది నిలస్తాదా? గుండు గూడా ఇస్తానని చెప్పినా."

"గుండు ఎందుకు చెప్పినావు?"

"ఉత్తగా కొండకి పోతాండానంటే ఎవురు నమ్ముతారు?"

ఆ మర్నాడు పొద్దున తొమ్మిదిలోపల సత్రంలో పేరు రాయించాలి. కొండ మీద బ్రహ్మోత్సవాలు. ఎక్కడ చూసినా జనం. బ్రహ్మోత్సవాల్లో కొండకు పోయి సకాలంలో కిందికి దిగినవాళ్ళను నేను ఎరగను. నడి బస్టాండులో వాదించగలిగినంత వాదించాను. చివరికి కొండబస్సెక్కాం. ఆమె గుండు చేయించుకుంది. క్యూలో నిలబడ్డాం, కూర్చున్నాం, మళ్ళీ నిలబడ్డాం. ఆమె చెయ్యి నా భుజం మీద. ముందు ఎవరున్నారు, ఎంత దూరం కదిలింది, అది ఏ వాకిలి, ఇది ఏ మంటపం అని అడుగుతూనే ఉంది. మొదట ముక్తసరిగా చెప్పాను. "మా పిల్లయితే ఇంకా చెప్పును" అని ఆమె సణిగింది. రోషం వచ్చి ఇక అన్నీ చెప్పడం మొదలుపెట్టాను. స్తంభాల మీద సింహాలు, ముందున్న పెద్దాయన భుజం మీద నిద్రపోతున్న చంటిబిడ్డ, ఆ బిడ్డ కాలికి ఒకటే కడియం. తీరా గడప ముందుకు వచ్చేసరికి నెట్టేశారు. "ఎట్టుండాడు స్వామి" అని అడిగింది. జనం తలలు తప్ప నాకేమీ కనపడలేదని చెప్పలేక, బాగున్నాడన్నాను.

మర్నాడు సత్రం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పేర్లు రాసుకునే ఆయన పట్టిక మూసేశాడు. డాక్టరు బయటికొచ్చి ఆమె గుండునూ, దాని మీద గంధాన్నీ చూసి, ఆమెను ఒక్కమాట అనలేదు. నన్ను తిట్టాడు. చదువుకున్నదానివి, నీకైనా ఉండక్కర్లేదా అన్నాడు. రెండు పగళ్ళు నిలబడిన కాళ్ళతో ఆ మాట పడ్డాను. ఆమె మాత్రం, "తిట్టనీలేమ్మా, మాట నిలబెట్టుకున్నాం గదా" అని నన్ను ఓదార్చింది. ఆఖరికి ఎవరో రాని మనిషి చోట్లో ఆమె పేరు రాశారు.

ఒక కంటికి ఆపరేషన్ అయింది. ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని ఊరికి వచ్చాక దాచడానికి ఇంక ఏమీ లేదు. నా సెలవుల్లో ఒక్క రోజు కూడా మిగల్లేదు. కళ్ళద్దాలు నెలన్నర తర్వాత ఇస్తామన్నారు. అందాకా వంగకూడదు, ఎండలో తిరగకూడదు. కాబట్టి మేకల వెంట పిల్లే పోయేది. పక్కింటామె తోడుపోయేది. ఊరివాళ్ళు, ఏమనుకున్నారో ఏమో, తమ మేకల్ని వెనక్కి తీసుకోలేదు. దసరా దాటింది. హెడ్మాస్టరు ఎర్రసిరాతో పేరు కొట్టేశాడు. అద్దాలొస్తే పంపుతావా అని అడిగితే అవ్వ అవుననదు, కాదనదు. మేకల కాడికి ఇద్దరుంటే మేలు గదమ్మా అంటుంది. ఇంత చేసినా ఆ పిల్లకు బడి దక్కకపోతే నేను ఎవరితో చెప్పుకోవాలి?

కార్తీకం వెళ్ళాక ఒకరోజు మేకలు మళ్ళీ బడి ముందు ఆగాయి. ఈసారి మందారానికి ముళ్ళకంప కట్టి ఉంచాను. అవ్వ ముందు నడుస్తోంది, మనవరాలు వెనక. పెరిగీ పెరగని తెల్లజుట్టు, దాని కింద సీసా అడుగంత మందం అద్దాలు. మెట్టు మీద కూర్చుని, "ఆ పుస్తకం తీ" అంది. అదేదో నేను ఆమెకు ఇవ్వాల్సినట్టు.

ఒక్కొక్క పేజీ తిప్పింది. పిల్లలంతా చేతులు కట్టుకోవడం మరిచిపోయి చుట్టూ మూగారు. హెడ్మాస్టరు గుమ్మంలోకి వచ్చి నిలబడి తనూ తొంగి చూశాడు. గుంట బొమ్మ దగ్గర చాలాసేపు ఆగింది.

"ఎర్ర గువ్వ యాడ?" అని మనవరాలిని అడిగింది.

పిల్ల నేల చూపులు చూసింది. "నేనే పెట్టినానవ్వా. చెట్టు ఉత్తగా ఉండాదని."

"ఉంటే బాగుండును" అంది అవ్వ. చివరి పేజీ దాకా చూసి, మళ్ళీ మొదటి బొమ్మకు వచ్చింది. ఇస్త్రీ చీర అవ్వనూ, ఆమె పక్కన ఉన్న ఇద్దరు పిల్లల్నీ వేలితో తడుముతూ చూసింది. వేలి మరక పడింది. పడనీ అనుకున్నాను.

"ఏమ్మా, ఈయమ్మకి కండ్లు బాగానే ఉండాయి గదా?" అని నన్ను అడిగింది.

"బాగానే ఉన్నాయవ్వా."

"మరి ఆ పిల్లల్ని యాల తిప్పతా ఉండాది అడివెంబడి? బడికి పంపక?"

పుస్తకం మూసి, కళ్ళకద్దుకుని నా చేతికిచ్చింది. కట్టె పట్టుకుని లేచింది. మేకల్ని అదిలించుకుంటూ తను ఒక్కతే పోయింది. పిల్ల మెట్టు దగ్గరే నిలబడిపోయి, కాసేపటికి లోపలికొచ్చి తన పాత చోట్లో కూర్చుంది. హాజరుపట్టీలో ఎర్రగీత కింద దాని పేరు మళ్ళీ రాస్తుంటే, వరండాలోంచి బయటికి చూస్తూ అది చిన్నగా మొదలుపెట్టింది.

"అవ్వ కానుగచెట్టు దాటింది. నల్లది ముందర పోతా ఉండాది. వంక కాడ రాయి ఉండాది, సూసుకోని పక్కకి తిరిగింది."

అంతలోనే ఉలిక్కిపడి నా వైపు చూసి నోరు మూసుకుంది.

"తర్వాత?" అని అడిగాను. "చెప్పు, ఇంకా ఏం చేస్తా ఉండాది?"